నీలమ్మ కట్టిన అల్లెతాడు

1973 దసరా నాడు సాయంత్రం ఆరుంబావుకు రావణుడి మీదికి వెళ్లాల్సిన బాణం వెళ్లలేదు. విల్లుకు కట్టిన అల్లెతాడు తెగింది. తెగిన కొస రాముడి వేషంలో ఉన్న కొండల్ ఎడమచేతి బొటనవేలిని కొట్టింది. ఎముక విరిగింది. చివరికి ఎవరో వెదురుబొంగుకు గుడ్డ చుట్టి, కిరసనాయిలు పోసి, రావణుడిని వెనకనుంచి అంటించారు. జనం నవ్వారు. ఏడు గంటలకల్లా గౌలిపురా నుంచి హరిబౌలి దాకా ఒకటే మాట తిరిగింది: నీలమ్మ కట్టిన తాడు తెగింది.

దారం పని చేసేవాళ్లకు ఇంతకంటే చెడ్డ మాట లేదు.

నీలమ్మకు అప్పటికి ముప్పై ఎనిమిదేళ్లు. ముత్యాలు గుచ్చడం, బంగారు గుండ్లకు పట్టుదారం చుట్టి దండలు అల్లడం ఆమె పని. తల్లి దగ్గర నేర్చుకుంది. భర్త ఎల్లప్ప నల్లాల ఆఫీసులో లైన్‌మన్. హరిబౌలి గల్లీలో ఒక గది, ఒక వరండా. వరండా గోడకు ఒక ఇనుప మేకు. దారం ఒక కొస ఆ మేకుకు, రెండో కొస కాలి బొటనవేలికి తగిలించి, ఎండ వరండాలోకి వచ్చే వేళకు పనిలో కూర్చునేది. పత్తర్‌గట్టి దుకాణాల నుంచి ముత్యాలు చిన్న పొట్లాల్లో వచ్చేవి, దండలై తిరిగి వెళ్లేవి. ఏ దండనైనా మూడుసార్లు గట్టిగా గుంజి చూడనిదే ఇచ్చేది కాదు. ఇరవై ఏళ్లలో ఆమె గుచ్చిన దండ ఎవరి మెడలోనూ తెగలేదు.

విల్లుకు ఆమె తాడు కట్టడానికి కారణం వైకుంఠం సేటు. ఆయనకు పత్తర్‌గట్టిలో ముత్యాల దుకాణం ఉంది. దసరా కమిటీ అధ్యక్షుడు కూడా ఆయనే. వెనకటికి రావణుడిని కాల్చే మైదానంలో రాముడు వెదురు విల్లుతో బాణం వేసేవాడు. వేదికకూ రావణుడికీ మధ్య నలభై గజాలు. బాణం ఇరవై గజాల దగ్గరే దిగేది. "రాముడు అన్నం తినలేదారా!" అని జనం అరిచేవారు. ఆ మాట పడలేక కమిటీ 1968లో అఫ్జల్‌గంజ్ మొగులయ్యను పిలిచింది. లారీలకు, కార్లకు కింద కుదుపు ఆపే కమాన్ పట్టీలు సరిచేసే షెడ్డు ఆయనది. ఒక పాతకారు కమాన్ నుంచి రెండు పట్టీలు తీసి, టేకు దిమ్మకు అడ్డంగా బిగించి, ఆయన ఒక మరవిల్లు తయారుచేశాడు. చూడటానికి తుపాకీకి అడ్డంగా విల్లు కట్టినట్టు ఉండేది. పక్కనున్న చక్రం తిప్పితే తాడు వెనక్కి వచ్చి ఒక ఇనుప కొక్కేనికి తగులుకునేది. కింద ఘోడా, అంటే తుపాకీకి ఉండేలాంటి మీట, నొక్కితే కొక్కెం వదిలేది. బాణం నలభై గజాలు దాటి రావణుడి పొట్టలో దిగేది. జరీగుడ్డ చుట్టి వేదిక మీద పెడితే దూరం నుంచి కోదండంలాగే కనిపించేది.

మొదట కట్టిన జనపతాడు సాగి వదులైంది. "దారం సంగతి నీలమ్మకు ఎర్క" అన్నాడు సేటు. అప్పటినుంచి ఏటా కొత్త తాడు ఆమే కట్టేది. చెప్పులు కుట్టే గట్టి దారం నలభై ఎనిమిది పేటలు, తేనెమైనం పట్టించి, కొసలు కళ్లుగా మలిచి, కొక్కేనికి తగిలే నడిమిభాగానికి పట్టుదారం చుట్టి ఇచ్చేది. ఆయుధపూజకు ముందురోజు మొగులయ్య దాన్ని విల్లుకు ఎక్కించేవాడు.

ఆ కమిటీకి ఒక ఆచారం ఉండేది. ఆయుధపూజ నాడు బ్యాండుతో విల్లును తెచ్చి, పసుపు కుంకుమలు పెట్టి, దాని మీదే కొబ్బరికాయ కొట్టి, ఆ తర్వాత గల్లీ పెద్దలు ఒక్కొక్కరే వచ్చి ఘోడా నొక్కేవారు. బాణం ఉండేది కాదు. బాణం రావణుడిది, దాన్ని ముందురోజే వదిలితే అపచారం. కాబట్టి తాడు గుంజి ఖాళీగా వదలడమే. దాన్ని సలామీ అనేవారు. "ఠంగ్" మని శబ్దం వస్తే జనం చప్పట్లు కొట్టేవారు. మొదటి ఏడు ముగ్గురే సలామీ కొట్టారు. పెద్దలు పెరిగారు. 1973 నాటికి నలభై ఒక్కరు అయ్యారు. పేరు పిలవలేదని ఒక మిల్లు యజమాని అలిగితే ఆయనతో రెండుసార్లు కొట్టించారు.

మర్నాడే తాడు తెగింది.

దసరా వెళ్లిన వారం పొట్లం రాకపోతే నీలమ్మ దుకాణానికి వెళ్లింది.

"సేటూ, ఈ వారం పని పంపలే?"

వైకుంఠం లెన్సు కంటి నుంచి తీయలేదు. "పంపలే నీలమ్మా. వచ్చినోళ్లు అడుగుతున్రు, ఇది గామె గుచ్చిందేనా అని. నేనేం జెప్పాలె?"

"నా దండ ఎన్నడన్న తెగిందా?"

"తాడు తెగింది గద."

"ఎందుకు తెగిందో ఎవ్వరన్న సూసిన్రా?"

"తెగినంక సూసేదేముంటది? కొండల్ వేలు సూడరాదు, కనబడ్తది."

సంక్రాంతి నాటికి మిగతా దుకాణాలు కూడా పొట్లాలు మానేశాయి. ఎవరూ తిట్టలేదు. "ఇప్పుడు పని లేదమ్మా" అన్నారు. నీలమ్మ జడకుచ్చులు అల్లింది, లంగాలకు నాడాలు అల్లింది. పన్నెండేళ్ల పిల్లలు కూడా అల్లగలిగిన పని అది. ఎల్లప్ప ఒకరోజు, "పోనియ్యరాదు, నా జీతం లేదా?" అన్నాడు. "జీతం నీది. చెయ్యి నాది" అంది.

బోనాల పండుగ అయ్యాక కమిటీ మళ్లీ కూర్చుంది. ఈసారి దారం వద్దు, సైకిల్ బ్రేకుకు వేసే ఇనుప తీగ కడదామని వైకుంఠం అన్నాడు. ఆ సంగతి తెలిసిన మర్నాడు నీలమ్మ కొండల్ ఇంటికి వెళ్లింది.

కొండల్ ఒక ప్రెస్సులో కంపోజిటర్. అక్షరాలు పేర్చే పట్టీని ఎడమచేత్తో పట్టి బొటనవేలితో అదుముకోవాలి. వేలు వంగకపోవడంతో ఆయనను ప్రూఫులు మోసే పనికి మార్చారు. తెగిన తాడు ఆయన దగ్గరే ఉందని ఆమె వింది.

"ఆ తాడు ఒక్కసారి సూపియ్యవా తమ్మీ."

కొండల్ లోపలికి వెళ్లి ట్రంకుపెట్టె నుంచి తాడు తెచ్చి ఆమె ఒళ్లో పడేశాడు. "తీస్కో అక్కా. మెడల ఏస్కో. మస్తు సక్కగుంటది."

నీలమ్మ అరుగు మీద కూర్చుని తెగిన కొసను ఎండకు పట్టింది. చాలాసేపు చూసింది. తర్వాత, "నీ కండ్లు సక్కగనే ఉన్నయి గద, అచ్చరాలు పేర్చినోనివి. గిది సూడు" అంది.

కొండల్ వంగాడు.

"దారం బరువుకు తెగితే కొసలు సాగుతయి. జడ ఇప్పినట్టు సీల్తయి. గివిగో, గిట్ల. ఇగ గివి సూడు. ఇరవై పేటలున్నయి. అన్నీ ఒక్క తీరుగ, కత్తితోని కోసినట్టు. కొసకు నల్లగ మురికి గూడ ఉన్నది. గివి తెగలే. కోసుకపోయినయి. సగం తాడు ముందే కోసుకపోతే మిగిలిన సగం ఎంతసేపు ఆగుతది?"

"ఎవడు కోసిండు?"

"గదే అడగాలె. నడువ్, అఫ్జల్‌గంజ్ పోదాం."

"నా వేలు ఇరగ్గొట్టి, నాతోనే తిప్పుకుంటున్నవా?"

"నీ వేలు గూడ జర తప్పు జేసింది తమ్మీ. ఫొటో తీసేటోడు చెప్పిండని బొటనవేలు పైకి నిలబెట్టినవా లేదా? నేను స్టేజి కిందనే ఉన్న."

కొండల్ చెప్పులు వేసుకున్నాడు.

మొగులయ్య షెడ్డులో ఒక లారీ కింద పడుకుని ఉన్నాడు. వచ్చిన పని విని బయటికి వచ్చాడు. ముందు నవ్వాడు, తర్వాత కోపం తెచ్చుకున్నాడు.

"చెల్లే, నేను ముప్పై ఏండ్ల సంది ఇనుము కొడ్తున్న. నా కొక్కెం కోసిందంటవా? అద్దం లెక్క గీసి ఇచ్చిన!"

"ఇచ్చినవన్నా, కాదంటలే. ఇప్పుడెట్లున్నదో సూస్తే నీ సొమ్మేం పోతది?"

విల్లు మూలన గోనె కింద ఉంది. నీలమ్మ బొడ్డున దోపుకున్న సంచి నుంచి పట్టుకుచ్చు తీసింది. ముత్యానికి బెజ్జం సరిగ్గా పడిందో లేదో తెలియడానికి ముత్యాలు గుచ్చేవాళ్లు చేసే పని ఒకటుంది. బెజ్జంలో మెలి వేయని పట్టు పోగు పెట్టి లాగుతారు. అంచు నునుపుగా ఉంటే పోగు జారుతుంది. గరుకు ఉంటే పట్టుకుంటుంది. కంటికి కనపడనిది పట్టు చెబుతుంది. నీలమ్మ ఆ పోగును కొక్కెం అంచు మీదుగా మెల్లగా లాగింది. సగం దూరం జారింది. అక్కడ ఆగింది. మళ్లీ లాగింది. అక్కడే ఆగి, రెండు వెంట్రుకలంత పోగు కొక్కేనికి వేలాడుతూ మిగిలింది.

మొగులయ్య గోరుతో తడిమాడు. "ఏం తగుల్తలేదు గద" అన్నాడు. తర్వాత కళ్లజోడు పెట్టుకుని చూశాడు. కొక్కెం పెదవి ఒకచోట పొర లేచి రేకులాగా ఒదిగి ఉంది.

"గిది ఎట్లయ్యింది?" అన్నాడు, తనలో తాను.

"ఖాళీగ ఎన్నిసార్లు కొట్టిన్రు పోయినేడు?"

"నలభై... నలభై రెండు."

మొగులయ్య విల్లును బల్ల మీదికి ఎత్తించాడు. పట్టీలను కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరదుడిచి, మీద సున్నం పొడి చల్లాడు. కమాన్ పట్టీలో పగులు వెతకడానికి షెడ్లలో చేసే పద్ధతి అది. పగులుంటే అందులో దాగిన కిరసనాయిలు సున్నంలోకి ఊరుతుంది. ముగ్గురూ నిలబడి చూశారు. కాసేపటికి కుడివైపు పట్టీ మీద, దిమ్మకు బెత్తెడు దూరంలో, తడిసిన వెంట్రుకలాంటి గీత అడ్డంగా తేలింది.

కొండల్ తన ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకున్నాడు. మొగులయ్య బల్ల మీద కూర్చున్నాడు.

"తాడు తెగింది గాబట్టి వేలు పోయింది. గీ పట్టీ ఇరిగుంటే తల పోతుండె. చెల్లే, తప్పు నీది గాదు."

"నాకు ఎర్కనే. సేటుకు చెప్పు."

"చెప్తే ఇంటడా? సలామీ బంద్ జెయ్యమంటే పెద్దలందరు లొల్లి జేస్తరు."

"చెప్తే ఇనరు. సూపియ్యాలె."

ఆదివారం మధ్యాహ్నం కమిటీ వాళ్లను షెడ్డుకు పిలిచారు. పదకొండుమంది వచ్చారు. వైకుంఠం తెల్ల ధోవతి మురికి కాకుండా ఎత్తిపట్టుకుని నిలబడ్డాడు.

"ఏంది నీలమ్మా, నీ తాడు తెగితే మొగులయ్యను గుంజుకొచ్చినవట?"

"సేటూ, గొడ్డలి ఎత్తి కట్టె మీద ఏస్తే ఏమైతది?"

"కట్టె పగుల్తది."

"కట్టె లేకుండ గాలిలకు ఏస్తే?"

"భుజం గూడు జారుతది. గదేం ప్రశ్న?"

"గదే సంగతి. బాణం ఉంటే ఆ జోరంత బాణం తీస్కపోతది. బాణం లేకుంటే జోరు యాడికి పోవాలె? ఎనక్కి తిరిగి విల్లునే తంతది, తాడునే తంతది. మీరు నలభై రెండుసార్లు తన్నిపిచ్చిన్రు."

"ఆచారమమ్మా అది" అన్నాడు వెనకనుంచి బసవయ్య. నూనె మిల్లు ఆయనది. రెండుసార్లు సలామీ కొట్టింది ఆయనే. "ఆయుధానికి ఇచ్చే మర్యాద."

"మర్యాద ఇయ్యి, కాదంటలే. దూరం నుంచి ఇయ్యి."

పగిలిన పట్టీతోనే ఉన్న పాత విల్లును షెడ్డు పెరట్లో ఒక దిమ్మకు బిగించారు. మూడువైపులా ఇసుక బస్తాలు పేర్చారు. ఘోడాకు పొడుగాటి తాడు కట్టి గోడ ఇవతలికి తెచ్చారు. నీలమ్మ అందరినీ గోడ వెనక నిలబెట్టింది. తల బయటపెట్టిన ఒకాయనను భుజం పట్టి వెనక్కి లాగింది. ప్రతిసారీ మొగులయ్య ఒక్కడే వెళ్లి, వెనకవైపు నిలబడి చక్రం తిప్పి వచ్చేవాడు. కొండల్ తాడు లాగేవాడు. "ఠంగ్." కమిటీ వాళ్లు మొహాలు చూసుకున్నారు. రెండు. మూడు. ఆరోసారి బసవయ్య, "ఏమైంది? ఏం కాలే. ఛాయ్ అన్న తాగిపిస్తరా?" అన్నాడు.

తొమ్మిదోసారి శబ్దం వేరుగా వచ్చింది. దాని వెంటే పెరటి తలుపు మీద దబ్బుమని చప్పుడు. దుమ్ము సర్దుకున్నాక వెళ్లి చూశారు. జానెడు పొడవు ఇనుప ముక్క బస్తాల మీదుగా ఎగిరి, తలుపు చెక్కలో రెండు వేళ్ల లోతు దిగి ఉంది. మనిషి గొంతు ఎత్తున. దాన్ని పీకడానికి మొగులయ్యకు పట్టకారు, సుత్తి రెండూ కావాల్సి వచ్చాయి.

బసవయ్య తన మెడ తడుముకున్నాడు. ఛాయ్ మాట మళ్లీ ఎత్తలేదు.

"ఇనుప తీగ కట్టమన్నరట" అంది నీలమ్మ. "దారం తెగితే వేలు పోయింది. ఇనుప తీగ తెగితే ఏం పోతదో మీరే జెప్పున్రి."

వైకుంఠం తలుపులో పడిన కన్నంలో వేలు పెట్టి చూశాడు. వ్యాపారి కాబట్టి పూర్తిగా ఒప్పుకోలేదు. "సరే. సలామీ బంద్. కొత్త పట్టీ మొగులయ్య ఏస్తడు, కొక్కెం నున్నగ గీస్తడు, తాడు నువ్వే కట్టు. గాని ఈసారి తెగిందనుకో, ఇగ దారం ముట్టొద్దు. పత్తర్‌గట్టిల నీ పేరు ఇనబడొద్దు. మంజూరేనా?"

"మంజూరే. గాని విల్లు కాడ నా మాట నడవాలె. మీదిగాదు."

పక్కనున్నవాళ్లు ఆమె వంక చూశారు. సేటు తల ఊపాడు.

ఆమె షరతులను కొండల్ తన ప్రెస్సులో అచ్చు వేయించాడు. నీలమ్మకు చదువు రాదు, అయినా రెండుసార్లు చదివించుకుని వింది. బాణం పెట్టనిదే ఘోడా ముట్టరాదు. తాడు గుంజాక ఎంతటివాడైనా విల్లు ముందుకు రారాదు. పూజ టేకు దిమ్మకే, తాడుకు గానీ కొక్కేనికి గానీ పసుపు కుంకుమలు, కొబ్బరినీళ్లు తగలరాదు. తాడుకు నూనె వద్దు, తేనెమైనమే. బొటనవేలు దిమ్మ కిందనే ఉండాలి. ఘోడా నొక్కినా బాణం పోకపోతే ఎక్కడివాళ్లు అక్కడే ఆగాలి, విల్లు రావణుడి మీదనుంచి కదలరాదు, వంగి చూడరాదు. ఆ కాగితం 1986 వరకు ఏటా వేదిక గుంజకు అంటించారు. ఆ పదమూడు దసరాల్లో ఎవరికీ గోరు కూడా ఊడలేదు.

పది రోజులు సాయంత్రం పూట మైదానంలో ఇసుక బస్తాల మీదికి బాణాలు వేయించింది. కొండల్ బొటనవేలికీ దిమ్మ అడుగుకీ మధ్య ఒక చింతగింజ పెట్టేది. బాణం వదిలాక గింజ కింద పడితే వేలు కదిలినట్టు లెక్క. మొదటిరోజు ఏడుసార్లు పడింది.

"రాముడికి గీ చింతగింజ ఎక్కడిదక్కా, రామాయణంల?" అన్నాడు కొండల్.

"రాముడికి పది వేళ్లు సక్కగుండె. నీకు తొమ్మిదే ఉన్నయి. పట్టు."

ఐదోరోజు నుంచి గింజ పడలేదు. తాడును ఆమె రోజూ పట్టు పోగుతో తడిమేది. ఇరవై బాణాలకు నడిమి చుట్టు ఒక పిసరు నలిగింది. విప్పి మళ్లీ చుట్టింది.

1974 దసరా. పోయినేటి తమాషా చూసినవాళ్లు, విన్నవాళ్లు, అందరూ వచ్చారు. మైదానం చాలక పక్క మిద్దెలు నిండాయి. "ఈసారి ఏ వేలు భాయ్?" అని మిద్దె మీదనుంచి ఎవడో అరిస్తే జనం గొల్లుమన్నారు. నీలమ్మ వేదిక మీద, విల్లుకు వెనకగా నిలబడి ఉంది. నీలంచీర కొంగు బిగించి దోపుకుంది. ఆడమనిషి వేదిక ఎక్కడం ఆ కమిటీలో అదే మొదలు.

మొగులయ్య చక్రం తిప్పాడు. తాడు కొక్కేనికి పడింది. బాణం పెట్టారు. దిమ్మకు మూరెడు ముందుకు పొడుచుకొచ్చిన బాణం మొనకు గుడ్డ చుట్టి ఉంది. పొడుగు కర్రతో దానికి నిప్పంటించారు. కొండల్ రావణుడి పొట్టకు గురిచూసి ఘోడా నొక్కాడు.

ఏమీ కాలేదు.

మళ్లీ నొక్కాడు. ఘోడా సగం దూరం వచ్చి ఆగింది. మొన మీద మంట ఎగురుతోంది. జనంలో ఈలలు మొదలయ్యాయి. వేదిక పక్క కుర్చీలో ఉన్న వైకుంఠం సేటు లేచాడు. "ఏందిరా, ఏమైంది?" అంటూ నేరుగా విల్లు ముందుకు నడిచాడు.

"సేటూ, ఆగు!"

మైకు లేకుండానే ఆ కేక మైదానం చివర దాకా వినపడింది. పత్తర్‌గట్టిలో ఇరవై ఏళ్లు పొట్లాలు అందుకున్న మనిషి, సేటును వేల మంది ముందు నువ్వు అని నిలబెట్టింది. "ఒక్క అడుగు ముందుకు ఏస్తే సచ్చిపోతవు. గక్కడనే నిలబడు!"

వైకుంఠం ఒక కాలు ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగాడు. తర్వాత దాన్ని వెనక్కి పెట్టుకున్నాడు.

"తమ్మీ, ఘోడా మీంచి వేలు తియ్యి. విల్లు కదిలియ్యకు. బొటనవేలు కిందనే ఉంచు. మొగులన్నా, తడి గోనె పట్టుకో."

కొండల్ వేలు తీశాడు. చెమట కారి కిరీటం కింద రంగు చెదిరింది, చెయ్యి మాత్రం చెదరలేదు. నీలమ్మ విల్లు వెనకనుంచి, తాడు దారికి చెయ్యి రాకుండా వంగి, కొక్కెం మూలాన్ని చూసింది. ఎర్రగా ఉంది. నూనెతో కలిపిన కుంకుమ, బొట్టంత కాదు, గోళీ అంత ముద్ద, కొక్కెం సందులో కూరుకుని ఉంది. ముత్యాలకు దారం లాగే సన్న ఇత్తడి తీగ కొప్పులోంచి తీసి, వెనకవైపు నుంచే దాన్ని గీకింది. ఒకసారి. రెండుసార్లు. మూడోసారికి ముద్ద ఊడి తీగకు అంటుకుని వచ్చింది. మిద్దె మీద ఈలలు ఆగిపోయాయి. ఆమె ఏం చేస్తోందో జనానికి తెలియదు, కానీ చేస్తున్న మనిషి తొందరపడటం లేదని మాత్రం కనపడుతోంది. బాణం మొన గుడ్డ సగం కాలింది.

ఆమె నిటారుగా లేచి రెండడుగులు వెనక్కి వేసింది. ముందు ఎవరూ లేరని రెండు పక్కలా చూసింది.

"ఇప్పుడు నొక్కు."

బాణం వెళ్లింది. నలభై గజాలు నిప్పు గీత గీసినట్టు వెళ్లి రావణుడి బొడ్డుకు పైన దిగింది. ఒక్క క్షణం అక్కడే చిన్న దీపంలాగా వెలిగింది. తర్వాత లోపల కూరిన టపాకాయలు అంటుకున్నాయి. ముందు పొట్ట, తర్వాత భుజాలు, చివరికి పది తలలూ ఒకదాని వెంట ఒకటి పేలాయి. ఈలలు వేసిన మిద్దెలే ఇప్పుడు ఊగిపోయాయి. కమిటీ వాళ్లు ఒకరినొకరు కౌగిలించుకున్నారు. నీలమ్మ రావణుడి వైపు చూడలేదు. తాడు దగ్గరకు వెళ్లి, ఆ కొస నుంచి ఈ కొస దాకా వేళ్లతో తడిమింది. నలభై ఎనిమిది పేటలూ ఉన్నాయి.

వైకుంఠం మెల్లగా వచ్చాడు. ఈసారి వెనకవైపు నుంచి.

"నీలమ్మా. కుంకుమ నేనే పెట్టిన. నిన్న పూజల సలామీ లేదాయె, ఆయుధానికి ఏం జెయ్యలేదన్నట్టనిపిచ్చింది. దాని ప్రాణమంత కొక్కెంల ఉన్నదని గక్కడనే పెట్టిన."

"కాయితంల ఏం రాసిన్రు సేటూ?"

"దిమ్మకే పెట్టాలని రాసిన్రు."

"మీకు చదువొస్తది గద?"

పక్కనే ఉన్న కొండల్ పకపకా నవ్వాడు. సేటుకు కూడా నవ్వక తప్పలేదు.

మర్నాడు పొద్దున పదింటికి వైకుంఠం హరిబౌలి గల్లీకి స్వయంగా వచ్చాడు. చేతిలో ఐదు పేటల హారానికి కావాల్సిన ముత్యాల పొట్లం. నీలమ్మ వరండాలోనే ఉంది. పొట్లం అందుకోలేదు.

"పోయినేడు నా పేరు పోయింది మీ ఒక్క దుకాణంల గాదు సేటూ. బజారంత పోయింది. పొట్లం ఇంటికి తెచ్చిస్తే నా ఇంటికే తెలుస్తది."

"ఇప్పుడేం జెయ్యమంటవు?"

"నడువున్రి."

ఇద్దరూ పత్తర్‌గట్టికి నడిచి వెళ్లారు. దుకాణాలు అప్పుడే తెరుస్తున్నారు. వైకుంఠం మొదటి ముత్యాల దుకాణం మెట్లు ఎక్కాడు, తర్వాత దాని పక్కది, తర్వాత ఎదురుది. ప్రతిచోటా నిలబడి అదే మాట చెప్పాడు. పోయినేడు తెగింది నీలమ్మ తాడు కాదు, కొక్కెం కోసింది. ఆ కొక్కేన్ని చెడగొట్టింది మేము, మా ఖాళీ సలామీలు. నిన్న నా ప్రాణం కాపాడింది ఈమె. మొదటి దుకాణంలో గొణిగినట్టు చెప్పాడు. నాలుగో దుకాణానికి వచ్చేసరికి గొంతు స్థిరపడింది. ఆరో దుకాణంలో తలుపులో దిగిన ఇనుప ముక్క కథ కూడా కలిపి, చేతులు ఊపుతూ చెప్పాడు. నీలమ్మ ప్రతి గుమ్మం దగ్గరా నిలబడి, పూర్తిగా విని, తర్వాతే కదిలింది.

మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేసరికి ఆమె దగ్గర ఏడు పొట్లాలు ఉన్నాయి. నాడాల దారం తీసి అటక మీద పడేసింది. పట్టుదారం మేకుకు తగిలించి కూర్చుంది. సాయంత్రం ఇంకో ఇద్దరు వ్యాపారులు వచ్చి గల్లీలో నిలబడి పిలిచారు. ఆమె తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"దీపావళి దాక కొత్త పని పట్ట. గప్పుడు రాండ్రి."

వాళ్లు సరేనని వెళ్లారు. దీపావళి మర్నాడు మళ్లీ వచ్చారు.